డ్రమ్ము నంబరు డ్రమ్ముదే: మూతపడిన ఒక బల్క్‌డ్రగ్ యూనిట్‌లో ప్రమాదకర వ్యర్థాల లెక్క

యూనిట్ పరిస్థితి

తెలంగాణలో మూతపడిన ఒక బల్క్‌డ్రగ్ ఇంటర్మీడియట్ యూనిట్, అంటే ముడి ఔషధాల తయారీకి కావాల్సిన మధ్యస్థ రసాయనాలు చేసే ఫ్యాక్టరీ. రియాక్టర్లు, సెంట్రిఫ్యూజ్‌లు ఎప్పుడో అమ్ముడైపోయాయి. మిగిలింది రేకుల షెడ్డు, దాని వెనక ఆరుబయట వరసల్లేకుండా పేర్చిన డ్రమ్ములు. స్థలం చేతులు మారుతోంది. వ్యర్థాలు తీసేసి రుజువు చూపిస్తేనే తదుపరి అనుమతులన్నది కాలుష్య నియంత్రణ మండలి షరతు. పాత యాజమాన్యం ఇచ్చిన కాగితాల్లో ‘సుమారు 350 డ్రమ్ములు’ అని ఉంది. నేల మీద లెక్కపెడితే 611 తేలాయి: 200 లీటర్ల ఎంఎస్ (ఇనుప) డ్రమ్ములు, నీలం హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) డ్రమ్ములు, 50 లీటర్ల కార్బాయ్‌లు (పెద్ద క్యాన్లు), కొన్ని ఫైబర్ డ్రమ్ములు, అడుగు చినిగిన సంచులు.

లోపల ఉన్నది ఇలాంటి యూనిట్లలో మామూలుగా కనిపించే సరుకే. వాడేసిన సాల్వెంట్లు, అంటే టోలీన్, మిథనాల్, ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్); మదర్ లిక్కర్లు (ఎంఎల్ అంటారు, సరుకు గట్టిపడి వేరయ్యాక మిగిలే ద్రవం); డిస్టిలేషన్ అడుగు మడ్డి; నైట్రేషన్ నుంచి మిగిలిన ఆసిడ్; స్పెంట్ కార్బన్ (వాడేసిన బొగ్గుపొడి); నీళ్లలో ముంచి పెట్టిన రేనీ నికెల్ (ఉత్ప్రేరకంగా వాడే నికెల్ పొడి). మూడో వంతు డ్రమ్ముల మీద ఏ రాతా లేదు. ఇంకో మూడో వంతు మీద ఉన్న రాతను నమ్మలేం. ఎందుకంటే ఈ రంగంలో డ్రమ్ము ఒకసారి వాడి పారేసేది కాదు. మిథనాల్ వచ్చిన డ్రమ్ములో ఎంఎల్ పడుతుంది, ఆ తర్వాత మడ్డి పడుతుంది, స్టిక్కరు మాత్రం మొదటి సరఫరాదారుదే ఉండిపోతుంది.

అసలు ప్రశ్న

రసాయనం గుర్తుపట్టడం కష్టమే, కానీ దానికి దారి తెలుసు: పీహెచ్ పేపరు, నీటితో చర్య, మంట పరీక్ష, ఆక్సిడైజర్‌కు పొటాషియం అయొడైడ్ స్టార్చ్ పేపరు, ఈథర్లకు పెరాక్సైడ్ స్ట్రిప్, హాలోజన్‌కు (క్లోరిన్ వంటివాటికి) రాగి తీగ. తర్వాత ల్యాబు. ఈ కేసులో బెడిసికొట్టింది పరీక్ష కాదు. పరీక్ష ఫలితం ఏ డ్రమ్ముదో ఆ డ్రమ్ముకే అంటుకొని ఉండటం లేదు.

611 డబ్బాలు. ఒక్కోటీ కనీసం నాలుగుసార్లు చేతులు మారుతుంది: నమోదు, నమూనా, వేర్పాటు, లోడింగ్. కొన్ని ఓవర్‌ప్యాక్‌లోకి (కారే డ్రమ్మును దించే పెద్ద డబ్బాలోకి) పోతాయి, కొన్ని ట్యాంకరులోకి ఒంపబడతాయి, కొన్ని ఖాళీ అయి తామే వ్యర్థంగా మారతాయి. ఆఖర్న ప్రతి డబ్బా ఎక్కడికి పోయిందో కాగితం చూపాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం డబ్బాకు ఫారం 8 లేబుల్, రిజిస్టరుకు ఫారం 3, లారీకి ఫారం 9 అత్యవసర కార్డు, పంపకానికి ఫారం 10 మానిఫెస్ట్ (సరుకు వెంట నడిచే పత్రం). ఈ నాలుగూ ఒకే డ్రమ్ము గురించి ఒకే మాట చెప్పాలి.

మొదట పెట్టిన పద్ధతి

మొదటి మూడు వారాలు నడిచిన పద్ధతి చూడ్డానికి తెలివైనదే. డ్రమ్ము నంబరులోనే అర్థం పెట్టారు: ముందు స్థలం అక్షరం, తర్వాత సరుకు అక్షరం (సాల్వెంటుకు ఎస్, ఆసిడ్‌కు ఏ, మడ్డికి ఆర్), తర్వాత వరస సంఖ్య. ఆ వరస సంఖ్యను గుండ్రటి అల్యూమినియం బిళ్ల మీద పంచ్ కొట్టి తీగతో కట్టారు. ఫారం 8 లేబుళ్లు ఆఫీసులో ఇంక్‌జెట్ ప్రింటరు మీద తీసి, పైన పారదర్శక టేపు అతికించారు. రిజిస్టరు ఒక ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో.

214 డ్రమ్ములు నమోదయ్యాక పని ఆపాల్సి వచ్చింది.

68, 89

ఆ రోజు సాల్వెంటు వరసకు చేర్చాల్సిన డ్రమ్ముల జాబితాలో 89 ఉంది. ల్యాబు నోటు ప్రకారం అందులో వాడేసిన టోలీన్, ముప్పావు వంతు. లోడింగ్ లెక్క కోసం ఆ రోజు మాత్రమే డ్రమ్ములను ప్లాట్‌ఫామ్ కాటా మీద పెడుతున్నారు. తూకం మొదటి పద్ధతిలో భాగం కాదు. డ్రమ్మును కాటా మీదికి దొర్లించిన కూలీయే ముందు పట్టాడు: ‘‘అన్నా, గిది టోలీన్ కాదే, గింత బరువున్నదేంది?’’

ముల్లు 262 కిలోలు చూపించింది. టోలీన్ సాంద్రత 0.87. ఖాళీ హెచ్‌డీపీఈ డ్రమ్ము దాదాపు 9 కిలోలు. ముప్పావు వంతంటే 150 లీటర్లు, 130 కిలోలు. డ్రమ్ముతో కలిపి 140 దగ్గర ఉండాలి. అంచు దాకా నింపినా 183 దాటదు. 262 రావాలంటే లోపలి ద్రవం సాంద్రత 1.7 దగ్గర ఉండాలి. అలాంటి ద్రవాలు ఈ యార్డులో ఒకటే రకం: గాఢ ఆసిడ్. మూత తీయకుండానే, బంగ్ (డ్రమ్ము మీది మర బిరడా) అంచున ఆరిన మరకకు తడిపిన పీహెచ్ పేపరు ఆనిస్తే ఎర్రబడింది.

అది 89 కాదు, 68. బిళ్ల తలకిందులుగా కట్టారు. గుండ్రటి బిళ్ల, బిగించి కట్టిన తీగ, కింద గీత లేని అంకెలు. 68ని తిప్పితే 89 అవుతుంది. రెండూ నీలం హెచ్‌డీపీఈ డ్రమ్ములే. నైట్రిక్, సల్ఫ్యూరిక్ కలిసిన నైట్రేషన్ ఆసిడ్ డ్రమ్ము సాల్వెంటు వరసకు కొన్ని అడుగుల దూరం దాకా వచ్చింది. కారడం జరిగి రెండూ కలిస్తే ఏమవుతుందో ఈ రంగంలో ఉన్నవాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు: మంట, పేలుడు.

ఆ సాయంత్రం మిగిలిన బిళ్లలన్నీ తిరగేసి చూస్తే ఇంకో మూడు తలకిందులుగా ఉన్నాయి. వాటిలో రెండింటికి తిప్పినా అర్థమయ్యే సంఖ్య లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదంతే.

మిగతా లోపాలు

దీన్ని బిళ్ల కట్టినవాడి పొరపాటుగా రాసి ముగించవచ్చు. కానీ పని ఆపి పద్ధతినంతా విప్పి చూస్తే లోపాలు ఇంకా బయటపడ్డాయి. కొన్ని ప్రమాదం దాకా రాలేదు, అంతే.

నంబరులో సరుకు అక్షరం పెట్టడం మొదటి తప్పు. నమోదప్పుడు ‘ఎస్’ అనుకున్నది నమూనా తర్వాత ‘ఆర్’ అయింది. అక్షరం మార్చితే అదే డ్రమ్ముకు రెండు నంబర్లు. మార్చకపోతే నంబరే అబద్ధం. రెండూ జరిగాయి. పదిహేడు డ్రమ్ములు రిజిస్టరులో రెండేసిసార్లు ఉన్నాయి. మొత్తం లెక్క మూడే తేడా చూపించింది. ఎందుకంటే మరో పద్నాలుగు డ్రమ్ములు అసలు ఎక్కనే లేదు. తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మొత్తాలు కలిసినంత మాత్రాన లెక్క సరైనట్టు కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ దొరకదు.

లేబుళ్ల సంగతి. ఫారం 8 లేబుల్ నేపథ్యం ఫ్లోరోసెంట్ పసుపు. ‘ప్రమాదకర వ్యర్థం’, ‘జాగ్రత్తగా వాడండి’ అన్న మాటలు ఎర్రటి అక్షరాల్లో హిందీలో, ఇంగ్లిష్‌లో, స్థానిక భాషలో ఉండాలి. నీటికి చెరగకూడదు, ఎండవానలకు నిలవాలి. ఇంక్‌జెట్ రంగు ఏప్రిల్ ఎండకు పది రోజులు నిలవలేదు. అన్నిటికన్నా ముందు వెలిసేది ఎరుపే. అంటే చిరునామా, ఫోన్ నంబరు నల్లగా మిగిలి, ‘ప్రమాదకర వ్యర్థం’ అన్న మాట మాయమైంది. పైన వేసిన టేపు వేడికి ముడుచుకొని లేబుల్‌ను కూడా లాక్కుపోయింది. తుప్పు, నూనె, దుమ్ము ఉన్న ఉపరితలం మీద ఏ జిగురూ పట్టదన్నది దానికి తోడు. మార్కర్ పెన్నుతో రాసిన చోట సాల్వెంటు చుక్క పడితే అక్షరం కరిగి కారింది.

మూతల మీద అతికించిన లేబుళ్లది ఇంకో గొడవ. క్లాంప్ రింగ్ ఉన్న ఓపెన్‌టాప్ డ్రమ్ములన్నిటి మూతలూ ఒకే కొలత. నమూనా తీయడానికి నాలుగు మూతలు తీసి పక్కన పెడితే, తిరిగి పెట్టేటప్పుడు ఏ మూత ఏ డ్రమ్ముదో ఎవరికి గుర్తుంటుంది?

ఖాళీ గడి మనిషిని అబద్ధం చెప్పిస్తుంది. ఫారం 8లో వ్యర్థం వర్గం, దేనితో కలవకూడదు అన్నవి రాయాలి. లోపల ఏముందో తెలియని డ్రమ్ముకు ఏం రాస్తారు? గడి వదిలేస్తే తనిఖీలో అడుగుతారని సూపర్‌వైజర్లు ‘28.6 స్పెంట్ సాల్వెంట్’ అని నింపుకుంటూ పోయారు. ఔషధ తయారీ వ్యర్థాల్లో అది అన్నిటికన్నా మామూలు వర్గం కాబట్టి సేఫ్ అనుకున్నారు. అలా నింపిన 31 లేబుళ్లలో 9 తప్పని తర్వాత తేలింది.

ఇక వాకీటాకీ. ముఖానికి రెస్పిరేటర్ పెట్టుకొని ‘బి-12’ అంటే అవతల ‘డి-12’ అని వినపడుతుంది. రెండు వరసలూ ఉన్నాయి.

మార్చిన పద్ధతి

నిర్ణయం ఒక్క ముక్కలో: డ్రమ్ము నంబరు డ్రమ్ముదే, లోపలి సరుకుది కాదు. నంబరుకు ఏ అర్థమూ ఉండదు, ఎప్పటికీ మారదు. సరుకు, స్థలం, తూకం, తేదీ మారేవి. అవి రిజిస్టరులో ఉంటాయి. ఫారం 8 లేబుల్ కూడా మారేదే. తెలిసింది పెరిగే కొద్దీ పాతది చించి కొత్తది అతికిస్తాం. ట్యాగును మాత్రం ఎవరూ ముట్టరు.

ట్యాగులు ఆఫీసులో కాదు, ముందే చుట్టగా ముద్రించి తెప్పించారు. పాలిస్టర్ స్టిక్కరు, థర్మల్ ట్రాన్స్‌ఫర్ ముద్రణ (రిబ్బన్ మీది సిరాను వేడితో స్టిక్కరు మీదికి దించేది), రెజిన్ రిబ్బన్. వ్యాక్స్ రిబ్బన్ చవక, కానీ గోటితో గీస్తే పోతుంది, సాల్వెంటు తగిలితే కరుగుతుంది. డైరెక్ట్ థర్మల్ పేపరు, అంటే షాపుల్లో బిల్లులు ఇచ్చేది, ఎండలో నల్లబడుతుంది, అసలు పనికిరాదు. ప్రతి నంబరుకు ఒకేలాంటి మూడు స్టిక్కర్లు పక్కపక్కనే. ఒకటి డ్రమ్ము మీదికి, రెండోది ఫీల్డు షీటు మీదికి, మూడోది నమూనా సీసా మీదికి. ఈ మార్పు వల్ల నంబరును చేత్తో రాసే సందర్భం దాదాపు లేకుండా పోయింది. ఈ కేసులో పనికొచ్చినవాటిలో ఒకదాన్నే ఎంచుకోమంటే ఇదే. రెండో నమూనా కావాల్సి వస్తే సీసా మీద చేత్తో రాయక తప్పదు. అక్కడ తనిఖీ అంకె, అంటే రాతలో తప్పును పట్టించేందుకు నంబరు చివర చేర్చిన అంకె, ఆదుకుంది.

తనిఖీ అంకె లెక్క ఇది. 0318 తీసుకోండి. ఎడమ నుంచి అంకెలను వరసగా 5, 4, 3, 2తో గుణించి కూడితే 0+12+3+16, అంటే 31. దాన్ని 11తో భాగిస్తే శేషం 9. ట్యాగు మీద ముద్రించేది 0318-9. ఎవరైనా తడబడి 0381-9 అని రాస్తే మొత్తం 38 అవుతుంది, శేషం 5 రావాలి. షీటు ఎర్రగా చూపిస్తుంది. ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క పట్టేస్తుంది. శేషం 10 వచ్చే నంబర్లను ముద్రించలేదు. 0005 మా దగ్గర లేదు. అందుకే ఆఖరి ట్యాగు నంబరు చూసి ఇన్ని డ్రమ్ములున్నాయని చెప్పకూడదు. ఒక ఇన్‌స్పెక్షన్‌లో ఈ ప్రశ్న వచ్చింది కూడా. వదిలేసిన నంబర్ల జాబితా ముద్రించి ఫైల్లో పెట్టి ఉంచడం మంచిది. తలకిందుల సమస్యకు ముందు సున్నాలు, చివర గీత, అంకెల కింద మందపాటి గీటు. 0068-1ని తిప్పి చూస్తే గీత తప్పు చివర కనపడుతుంది.

అతికించే చోటు: డ్రమ్ము ఒంటి మీద, పై రోలింగ్ హూప్‌కు (డ్రమ్ము చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే పట్టీకి) కాస్త కింద. మూత మీద ఎప్పుడూ కాదు. అరచేతి వెడల్పున వైరు బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, ఆరాక అతికించాలి. సాల్వెంటు ఆవిరి ఉన్న చోట ఇనుప వైరు బ్రష్ వద్దు, నిప్పురవ్వ లేస్తుంది; ఇత్తడి బ్రష్ వాడాలి. స్టిక్కరు ఊడిపోయినా నంబరు దక్కాలని ఎదురు వైపున స్టెన్సిల్‌తో ఎనామెల్ పెయింటు. తుప్పు పెచ్చులుగా లేచిన డ్రమ్ములకు స్టిక్కరూ పెయింటూ రెండూ నిలవవు. వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ చుట్టూ బిగించి దానికి బిళ్ల. అల్యూమినియం బిళ్లలు ఆసిడ్ డ్రమ్ముల దగ్గర కొన్ని వారాల్లోనే గుల్లబారాయి, వాటిని మానేశారు.

తెలియని డ్రమ్ములకు ‘తేల్చాలి’ లేబుల్ వచ్చింది. పసుపు మీద ఎర్రక్షరాల హెచ్చరిక మామూలుగానే ఉంటుంది. వర్గం గడిలో మాత్రం ‘నిర్ధారణ కాలేదు’ అని ముందే ముద్రించి ఉంటుంది. కింద మూడు భాషల్లో ‘తెరవొద్దు, కదపొద్దు’. ఖాళీ గడి లేదు కాబట్టి ఊహతో నింపే అవసరమూ లేదు. ఆ లేబుల్ తీసే అధికారం ల్యాబు నోటు చేతిలో ఉన్న ఒక్క మనిషికే ఇచ్చారు.

నిల్వ తేదీ గడి దగ్గర కాస్త చర్చ నడిచింది. నిబంధనల్లో నిల్వకు మామూలు గడువు 90 రోజులు. ఏళ్ల తరబడి పడి ఉన్న సరుకుకు ఏ తేదీ వేయాలి? ఊహించిన పాత తేదీ వేస్తే రుజువు లేదు. నమోదు తేదీ ఒక్కటే వేస్తే సరుకు నిన్న పుట్టినట్టు కనపడుతుంది. చివరికి ‘పాత నిల్వ, నమోదు తేదీ ఫలానా’ అని రెండూ కలిపి రాసి, తొలగింపు షెడ్యూలును మండలికి ముందే రాతపూర్వకంగా ఇచ్చారు. పాత నిల్వల పనిలో ఈ ఉత్తరం మొదటి వారంలోనే వెళ్లాలి.

క్యూఆర్ కోడ్ ట్యాగు మీద ఉంది, కానీ సాల్వెంటు వరసల్లో దాన్ని స్కాన్ చేయలేదు. మామూలు ఫోన్ ఆవిరి ఉన్న చోటికి తీసుకెళ్లకూడదు, షెడ్డు వెనక సిగ్నల్ కూడా లేదు. అందుకని లోపల కాగితం షీటు, దాని మీద స్టిక్కరు. గేటు దగ్గర బల్ల మీద స్కానింగ్. యాప్ అమ్మేవాళ్లు లోపలే స్కాన్ చేయొచ్చంటారు. వాళ్లను ఒకసారి బంగ్ తీసిన ఎండీసీ డ్రమ్ము పక్కన నిలబెట్టి అడగాలి. అదే కారణంతో సాల్వెంటు వైపు ఎలక్ట్రానిక్ కాటా బదులు ముల్లు కాటానే ఉంచారు.

వరసలకు అక్షరాలు తీసేసి చెట్ల పేర్లు పెట్టారు: వేప, తాటి, మర్రి, చింత. ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు రెండు రోజుల్లో నోటికొచ్చేశాయి. రెస్పిరేటర్ లోంచి అన్నా ‘మర్రి’ ‘తాటి’లా వినపడదు. తక్కువ ఫ్లాష్ పాయింటు (ఆవిరి అంటుకోగల కనీస ఉష్ణోగ్రత) సాల్వెంట్లు మర్రి వరసలో, నీడలో, ఒక్క అంతస్తే. సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) మార్గదర్శకాల్లో 65.5 డిగ్రీల కన్నా తక్కువ ఫ్లాష్ పాయింటు ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చవద్దని ఉంది. ఇది లేబులింగ్‌కూ లాభమే: పైన డ్రమ్ము లేకపోతే ట్యాగు ఎప్పుడూ కంటికి అందుతుంది. రెండేసి వరసల మధ్య మనిషి నడిచే దారి వదలకపోతే లోపలి డ్రమ్ము లెక్కలో ఉన్నా చూసేవాడు ఉండడు.

తూకం తప్పనిసరి అయింది. ప్రతి డ్రమ్ముకూ నమోదప్పుడు ఒకసారి, యార్డు దాటేటప్పుడు ఇంకోసారి. ఎంత నిండిందన్నది బయటినుంచి తట్టి, పొద్దున చల్లపూట డ్రమ్ము గోడ మీద చేయి ఆనించి అంచనా వేస్తారు. ఖాళీ డ్రమ్ము బరువు తీసేసిన తూకాన్ని ఆ పరిమాణంతో భాగిస్తే వచ్చే ఉజ్జాయింపు సాంద్రత ల్యాబు నోటుతో పొసగాలి. 0.8–0.9 వస్తే టోలీన్, మిథనాల్ జాతి. 1.3 వస్తే ఎండీసీ అనుమానించాలి. 1.5 దాటితే గాఢ ఆసిడే. రెండు నిమిషాల పని.

ఉబ్బిన డ్రమ్ములు ఈ క్రమంలోకి రావు. ఎండీసీ 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆరుబయటి డ్రమ్ము గోడ అంతకన్నా వేడిగా ఉంటుంది. వాటికి దూరం నుంచే తాడు కట్టి, నంబరు కొయ్య మీద రాసి పాతారు. ట్యాగు అతికించింది తెల్లవారుజామున చల్లబడి, ఒత్తిడి నెమ్మదిగా వదిలాకే. అంతదాకా రిజిస్టరులో ఆ డ్రమ్ము స్థితి ‘ముట్టలేదు’.

సాయంత్రం లెక్క

రోజూ షిఫ్టు ముగిసే ముందు 40 నిమిషాలు. నిన్నటి ముగింపు, కొత్తగా నమోదైనవి, బయటికి పోయినవి. వీటి ప్రకారం వరసకు ఎన్ని ఉండాలో రిజిస్టరు చెప్తుంది. ఆ సంఖ్య తెలియని రెండో మనిషి ఖాళీ కాగితంతో వరసలన్నీ తిరిగి ట్యాగు నంబర్లు రాసుకొస్తాడు. సంఖ్య ముందే చెప్పి పంపితే మనిషి ఆ సంఖ్యకే లెక్కపెడతాడు. మొదటి పద్ధతిలో జరిగింది అదే. రెండు జాబితాలు నంబరుకు నంబరు కలవాలి. కలవకపోతే మర్నాడు పొద్దున ఒక్క డ్రమ్మూ కదలదు. మొదటి వారంలో రెండు రోజులు అలా పని ఆగింది. కాంట్రాక్టరు గొణిగాడు. మూడో వారం నుంచి ఆగలేదు.

ఒంపినప్పుడు

ట్యాంకరులోకి ఒంపే రోజే లెక్క ఎక్కువగా తప్పుతుంది. లోపలి సరుకు ఒక చోటికి, డ్రమ్ము ఇంకో చోటికి పోతాయి. హాలోజన్ లేని సాల్వెంటు 38 డ్రమ్ముల నుంచి ఒకే ట్యాంకరులోకి పోయింది. హాలోజన్ ఉన్నవాటిని వేరుగా ఉంచాల్సిందే. క్లోరిన్ ఎక్కువైతే సిమెంటు బట్టీకి పంపే సరుకుగా తీసుకోరు. ప్రతి డ్రమ్మునూ ఒంపకముందు, ఒంపాక తూచారు. తేడాల మొత్తం 5,410 కిలోలు. వేబ్రిడ్జి మీద ట్యాంకరు నికరం 5,380. వేబ్రిడ్జి పదేసి కిలోలుగా చూపుతుంది, కొంత ఆవిరి పోతుంది; 30 కిలోల తేడాను కారణం రాసి ఒప్పుకున్నారు. 200 వచ్చి ఉంటే ఎక్కడో ఒక డ్రమ్ము ఒంపకుండానే ‘ఖాళీ’ ముద్ర పడినట్టు.

ఖాళీ అయిన డ్రమ్ము లెక్కలోంచి పోదు. అది 33.1 వర్గం వ్యర్థం. నంబరు అదే, ఫారం 8 లేబుల్ కొత్తది. పాత లేబుల్ చించకుండా వదిలితే ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ముగా, లేదా అంతకన్నా అన్యాయంగా, నిండుది ఖాళీగా చలామణి అవుతుంది.

మానిఫెస్ట్ దగ్గర

మొదటి లారీ తొలగింపు కేంద్రం గేటు దగ్గర ఒక రాత్రంతా ఆగింది. కాగితంలో 48 డబ్బాలు, లారీలో 47. కారుతున్న ఒక డ్రమ్మును ఓవర్‌ప్యాక్‌లో దించారు. రెండింటికీ ట్యాగులున్నాయి కాబట్టి రెండుగా లెక్కేశారు. గేటు దగ్గర కళ్లకు కనపడేది బయటి డబ్బా ఒక్కటే. ఆ తర్వాత మానిఫెస్ట్‌లో బయటి డబ్బాల సంఖ్యే రాశారు. లోపలి నంబర్లు జతపరిచిన జాబితాలో, ‘ఫలానా దాని లోపల ఫలానా’ అని.

మానిఫెస్ట్ ఏడు కాపీల్లో తెల్లది మండలికి, పసుపుది పంపినవాళ్ల దగ్గర, గులాబీది అందుకున్నవాళ్ల దగ్గర, నారింజది రవాణాదారుకు, ఆకుపచ్చది అందుకున్నవాళ్ల నుంచి మండలికి, నీలం తిరిగి పంపినవాళ్లకు, బూడిదరంగుది వేరే రాష్ట్రానికి పంపితే పంపిన రాష్ట్రం మండలికి. లారీ గేటు దాటగానే రిజిస్టరులో ‘పంపాం’ అని మాత్రమే రాయాలి. ‘ముగిసింది’ అని రాసేది నీలం కాపీ చేతికొచ్చి, అందులోని తూకం మన తూకంతో చూసుకున్నాకే. రెండు నీలం కాపీలు ఆలస్యమయ్యాయి; ఫోన్ చేస్తే గాని రాలేదు.

ఆఖరి లెక్క

పాత డబ్బాలు 611. ఓవర్‌ప్యాక్‌లు 23. పని మధ్యలో పుట్టినవి, అంటే గుడ్డలు, వాడేసిన సూట్లు, కారిన చోట తవ్విన మట్టి నింపిన డ్రమ్ములు, 58. మొత్తం 692. పాడై రద్దు చేసిన ట్యాగులు 14, వాటిని పారేయకుండా ఒక పుస్తకంలో అతికించారు. వాడిన ట్యాగులు 706.

నీలం కాపీలతో సరిచూస్తే 690 కలిశాయి. మిగిలిన రెండింటిలో ఒకటి ఓవర్‌ప్యాక్ లోపలిది, జాబితాలో జత రాయడం మరిచారు. బయటి డబ్బా ఫొటోలో తేదీ చూసి పట్టారు. రెండోది 0447-9. ఖాళీ డ్రమ్ము, కడిగాక నలిపే యంత్రం దగ్గరికి పోయింది. అక్కడ నలిపేముందు స్కాన్ చేయాలన్న నియమం పెట్టారు గాని, యంత్రం దగ్గర బల్ల పెట్టలేదు. కట్ట కట్టిన రేకుల మధ్య స్టీలు పట్టీ, దాని బిళ్ల దొరికాయి. నలిగినా నంబరు చదవొచ్చు.

మళ్లీ ఇలాంటి యార్డు వస్తే ముందే మార్చుకోవాల్సినవి రెండున్నాయి. ఖాళీ డ్రమ్ము బరువులు నమూనాగా ముందే తూచి పెట్టుకోలేదు. ఎంఎస్ డ్రమ్ము 18 కిలోలని అనుకున్నాం గాని, రేకు మందాన్ని బట్టి నాలుగు కిలోల దాకా తేడా వచ్చింది. ఆ డ్రమ్ముల సాంద్రత లెక్క దీనివల్ల మొదట్లో తప్పింది. ఇంకోటి, నలిపే యంత్రం పక్కన ఆ బల్ల.